ఎలుగు పిల్లను గుట్టకు మోసిన రోజు

నా చిన్నప్పుడు ఏ జంతువు ఎక్కడ బతుకుతుందో చెప్పింది మా చిన్నమ్మ, అంటే మా బాబాయి భార్య. దుబ్బాక దగ్గర, కూడవెల్లి వాగు ఒడ్డున మా ఊరు. కట్టెల కోసం గుట్ట ఎక్కుతూ ఆమె దారిపొడవునా చెప్పేది. వాగు మడుగుల్లో నీటికుక్కలు, మెట్ట చెలకల్లో కుందేళ్లు, నక్కలు, గుట్ట నడుమ పొదల్లో ముళ్లపందులు, పైన బండల సందుల్లో ఎలుగుబంట్లు. ఒకే నదీ పరీవాహక ప్రాంతంలో ఎత్తు మారేకొద్దీ పాలిచ్చే జంతువులూ మారతాయని ఎన్నో ఏళ్లకు సిద్దిపేట గ్రంథాలయంలో చదివి, ఇది నాకు ముందే తెలుసు కదా అని పొంగిపోయాను. మా వాగు నీళ్లు కూడా మానేరులో కలిసి గోదావరికే పోతాయి మరి.

ఒక ఏడు వానలు లేక గుట్ట మీది నీటిగుంటలన్నీ ఎండిపోయాయి. పైన ఉండాల్సిన తల్లి ఎలుగు పిల్లను వీపున ఎక్కించుకుని నీళ్ల కోసం కిందికి దిగింది. తెల్లవారి చూస్తే పిల్ల మా చెలక బావిలో చచ్చి తేలుతోంది. తల్లి తుమ్మపొదల దగ్గర మూలుగుతూ తిరుగుతోంది. డప్పులు కొడితే కాస్త దూరం పోయి మళ్లీ వచ్చేది.

పిల్లను బయటికి తీశాక మా తాతయ్య, "గీడనే బొంద తీసి పూడ్చున్రి. కనవడకుంటె అదే మర్సిపోయి పోతది" అన్నాడు.

మా చిన్నమ్మ అడ్డం వచ్చింది. అంతకుముందు చలికాలంలో దవాఖానలో ఆమెకు కొడుకు పుట్టి, పుట్టగానే పోయాడు. చూస్తే తట్టుకోలేదని, ఆమెకు తెలివి రాకముందే తాతయ్య వాణ్ని పూడ్పించాడు. ఎక్కడో కూడా చెప్పలేదు. ఆమె అడగలేదు.

"దాని పిల్లను దానికి సూపెట్టున్రి" అంది.

"ఎలుగుకు సావు కబురు పంపుతవా ఒదినె?" అని ఎవరో నవ్వారు.

ఆమె అటు చూడలేదు. "నాకు సూపెట్టకపోతిరి మామా. నేను మర్సిపోయిన్నా?"

తాతయ్య భుజం మీది తువ్వాల తీసి నేల మీద పరిచాడు. చిన్నమ్మ పిల్లను అందులో చుట్టి ఎత్తుకుంది. చుట్టూ మగవాళ్లు డప్పులతో నడుస్తుంటే, గుట్ట మొదట్లో ఒక సాపు బండ మీద దాన్ని పడుకోబెట్టి వచ్చింది.

మేము దూరం నుంచి చూశాం. తల్లి వచ్చి వాసన చూసింది. తడి వెంట్రుకలు నాకింది. ముట్టెతో నెట్టింది. ఆ తర్వాత పిల్ల పక్కనే, అది ఎక్కడానికి వీలుగా, వీపు వంచి కూర్చుంది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా అలాగే కూర్చుంది. చివరికి లేచి, ఒక్కతే గుట్ట ఎక్కిపోయింది.

అప్పుడు ఏడ్చింది మా చిన్నమ్మ, కొడుకు పోయాక మొదటిసారి. ఆ సాయంత్రం తాతయ్య ఆమెను చెలక చివరికి తీసుకుపోయి, ఒక చోట ఆగి, "గీడనే బిడ్డా" అన్నాడు.

మా బంధువుల్లో ఏ ఇంట అలాంటి కష్టం వచ్చినా నేను దవాఖానకు పోతాను. పూడ్చడానికి తొందరపడే పెద్దవాళ్లను బతిమాలి ఆపుతాను. తల్లి కళ్లు తెరిచేదాకా ఆ బిడ్డను నా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను.