మా ఇంట్లో ఉంచినవి, పీకేసినవి

ట్యాంకు నిండగానే బోరు మోటారు దానంతటదే ఆగిపోతుందని తెలిసిన రోజు నేను నిజంగానే సంతోషపడ్డాను. అంతకుముందు నా పగలంతా ఆ మోటారు చుట్టూనే తిరిగేది. జాకెట్టుకు చేతులు అతుకుతూ ఉంటానా, డాబా మీద నీళ్లు పొర్లే చప్పుడు వినిపించేది. గుడ్డను సూది కిందే వదిలేసి మెట్ల కింది స్విచ్చు దాకా పరుగెత్తేదాన్ని. ఆలోపే నీళ్లు గోడ వెంట కారి పక్కింటి వాకిట్లో పడేవి. వాళ్ల మాటలు పడి వచ్చి మళ్లీ మిషను ముందు కూర్చుంటే కుట్టు వంకర పోయేది. ఆ బాధ తప్పించినందుకు మోటారును ఆపే ఆ ఒక్క డబ్బాను నేను ఇప్పటికీ తిట్టను.

తక్కినవాటి సంగతి వేరు.

మాది ఆర్మూర్. మా ఆయనది పసుపు వ్యాపారం. కమ్మర్‌పల్లి వైపు ఊళ్లలో రైతుల దగ్గర కొమ్ములు కొని, పాలిష్ పట్టించి, లారీలకు ఎత్తిస్తాడు. సీజన్లో ఆయన ఇంట్లో ఉండేదే తక్కువ. సాయంత్రం వచ్చేసరికి కనుబొమ్మలు కూడా పచ్చగా ఉంటాయి. నేను హాల్లో కిటికీ పక్కన మిషను వేసుకుని ఆడవాళ్ల బట్టలు కుడతాను. మాకు ఒక్కతే కూతురు, డిగ్రీ చదువుతోంది.

నిజామాబాద్‌లో ఉండే ఒక వ్యాపారి ఇంటికి భోజనానికి వెళ్లి వచ్చాక మా ఆయనకు ఈ పిచ్చి పట్టింది. ఆ వ్యాపారి సోఫాలో కూర్చున్నచోటి నుంచే లైట్లు వేశాడట, ఫ్యాన్లు తిప్పాడట, గేటు దగ్గర ఎవరున్నారో ఫోన్లో చూపించాడట. ఇంటికొచ్చినప్పటి నుంచి పడుకునేదాకా మా ఆయన అదే చెప్పాడు.

"మనింట్ల గూడ పెట్టిద్దాం. నీకే ఆసాన్ అయితది," అన్నాడు.

"నాకు వంటింట్ల పొగ పోయే ఫ్యాను కావాలె. పోపు వేస్తే ఇల్లంత దగ్గుతున్నం," అన్నాను.

"గది చిన్న పని. తర్వాత చూద్దాం."

ఒకరోజు షాపు నుంచి మనిషి వచ్చి పొద్దంతా గోడలు తొలిచి అన్నీ బిగించి పోయాడు. మోటారుకు డబ్బా, ట్యాంకులో నీళ్ల మట్టం తెలిపే తీగ, హాల్లోనూ గదుల్లోనూ ఫోను మాట వినే బల్బులు, టీవీ పక్కన మాట్లాడే పెట్టె, గేటు దగ్గర ఒక కెమెరా, హాల్లో టీవీ పైన ఇంకో కెమెరా. ఏది ఎక్కడ పెట్టాలో వాళ్లిద్దరే మాట్లాడుకున్నారు. నేను రెండుసార్లు టీ ఇచ్చాను. అన్నీ మా ఆయన ఫోన్లోనే కలిపారు. "మేడమ్ ఫోన్ల గూడ పెట్టాల్నా సార్?" అని ఆ మనిషి అడిగాడు. "ఆమెకెందుకు, నేను చూసుకుంట గద," అన్నాడు మా ఆయన. నేను అక్కడే కప్పులు తీస్తున్నాను. ఆ మాట అప్పుడు నాకేమీ అనిపించలేదు.

బల్బుల తమాషా వారంలోనే తెలిసిపోయింది. గోడ మీది స్విచ్చు ఎవరూ ఆపకూడదు. అలవాటు కొద్దీ ఎవరైనా ఆపారా, ఫోను ఎంత నొక్కినా వెలగవు. కరెంటు పోయి వస్తే పట్టపగలు ఇంటినిండా వాటంతటవే వెలిగేవి. ఇక మాట్లాడే పెట్టెకు నా మాట ఎక్కదు. "హాల్ల లైటు బంద్ చెయ్యి" అంటే ఏదో పాట పెట్టేది. మా అమ్మాయి పుస్తకంలో వాక్యం చదివినట్టు నిలబడి చెబితే వినేది. నా ఇంట్లో నా లైటు ఆపడానికి నేను వేరే మనిషిలా మాట్లాడాలి. ఇవన్నీ చికాకులే తప్ప, వీటివల్ల ఎవరి కొంపా మునగలేదు.

హాల్లో కెమెరా దొంగల కోసమని చెప్పాడు మా ఆయన. దానికి చూపే కాదు, వినికిడీ ఉంది, నోరూ ఉంది. మొదటిసారి అది మాట్లాడినప్పుడు నేను ఒక్కదాన్నే ఉన్నాను. "ఇంకా తినలేదా?" అంది మా ఆయన గొంతుతో. ఉలిక్కిపడి, తర్వాత నవ్వాను. ఎక్కడో కల్లంలో పసుపు రాశుల మధ్య నిలబడి నన్ను తలుచుకున్నాడు గదా అనుకున్నాను. ఇంత చిన్నదానికే ఎందుకు పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

తర్వాత ప్రశ్నలు మారాయి. "గామె ఎవలు?" "ఎంతసేపు ముచ్చట?" "మిషను ఆపి కూసున్నవేంది?" ఒకసారి ఒకావిడకు జాకెట్టు కొలత తీస్తున్నాను. ఆమె పైట తీసి నిలబడి ఉంది. టీవీ పైనుంచి దగ్గు వినిపించింది. ఆమె చప్పున పైట కప్పుకుంది.

"అన్న ఇంట్లనే ఉన్నడా?"

"లేడు, కల్లంకాడ ఉన్నడు. అది కెమెరా."

ఆమె కెమెరా వైపు చూసింది, నా వైపు చూసింది. కొలత తర్వాత ఇస్తానని గుడ్డ చుట్టుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆ సాయంత్రం అడిగితే, "నేను చూడలే, దగ్గొచ్చింది," అన్నాడు. ఫోన్లో కెమెరా తెరిచి ఉంచకపోతే ఆ దగ్గు ఇంట్లో ఎలా వినిపిస్తుంది? అప్పటి నుంచి కొలతలు పడకగదిలో తీసుకోవడం మొదలుపెట్టాను. కెమెరా మీద ఒక జాకెట్టు పీసు కప్పితే వెంటనే ఫోను చేశాడు. "ఏమైంది, నల్లగ వస్తుంది?" బట్ట తీసేశాను. రోజూ గొడవ పడే ఓపిక నాకు లేకపోయింది.

మా వెనక గల్లీలో ఒకామె అద్దెకు ఉండేది. ప్రైవేటు స్కూల్లో ఆయా పని. ఆమె భర్త మా ఆయన దగ్గరే పసుపు బండి నడిపేవాడు. వాళ్లకు చిన్న కూతురు. ఆదివారం చర్చికి వేసుకునే జాకెట్లు ఆమె నా దగ్గరే కుట్టించుకునేది. వచ్చిందంటే ఊరికే కూర్చునేది కాదు. హుక్సులు కుట్టి పెట్టేది, దారాలు కత్తిరించేది. నాకు తోడబుట్టిన ఆడపిల్లలు లేరు. ఆమె నన్ను అక్కా అని పిలిస్తే అది వరసకు పిలిచే పిలుపులా ఉండేది కాదు.

పసుపు జోరుగా వస్తున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం గుడ్డ పట్టుకుని వచ్చింది. చేతి కొలత తీద్దామని చెయ్యి ఎత్తమన్నాను. ఎత్తలేకపోయింది. రవిక చెయ్యి పైకి జరిపి చూస్తే భుజం దగ్గర నల్లగా కమిలి ఉంది.

"గిదేంది చెల్లె?"

"బండి దిగి వచ్చిండు. అన్నం చల్లగున్నదని," అంది. ఆ తర్వాత ఆపుకోలేకపోయింది. మిషను పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. నేనూ కూర్చున్నాను. ఆమె ఏడుస్తూ చెప్పిందంతా విన్నాను. పడకగదిలోకి తీసుకుపోవాలన్న ఆలోచన నాకు రాలేదు. ఆ సమయంలో నాకు ఆమె భుజం తప్ప ఏదీ కనబడలేదు.

"కమ్మర్‌పల్లిల మా అక్క ఉన్నది. జీతం చేతికి రాంగనే పిల్లను తీసుకొని పోత. ఇగ రాను. నా బట్టల సంచి నీ దగ్గర పెట్టుకుంటవా అక్కా? ఇంట్ల సదిరితె ఆయనకు తెలుస్తది."

"తీసుకరా. ఎన్ని రోజులైన ఉండనీ," అన్నాను.

ఆ సాయంత్రమే తెచ్చింది. పిల్ల గౌన్లు, రెండు చీరలు, బైబిలు. అల్మారాలో కుట్టాల్సిన గుడ్డల వెనక పెట్టాను.

మర్నాడు పొద్దున మా ఆయన కల్లానికి వెళ్లిన కాసేపటికి ఆమె భర్త గేటు దగ్గర నిలబడ్డాడు. మర్యాదగానే మాట్లాడాడు. "వదినా, మా ఆమె సంచి ఇక్కడ ఉన్నదట. ఇయ్యి, తీసుకపోత." లేదన్నాను. "కుట్టుడు గుడ్డల ఎనక ఉన్నదట గద," అన్నాడు. సంచి అక్కడుందని ఆమెకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అల్మారా ఉన్నది హాల్లో, కెమెరాకు ఎదురుగా. నేను లోపలికి వెళ్లేలోపే అతను వచ్చి సంచి తీసుకుపోయాడు.

నేను వాళ్లింటికి పరుగెత్తాను. తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. ఎంత పిలిచినా తీయలేదు. ఇంటి ఓనరమ్మ బయటికి వచ్చి, "వాళ్ల ఇంట్ల ముచ్చట మనకెందుకు, పో," అంది. ఆ వారంలో ఆమె స్కూలుకు పోలేదు. తర్వాత పోయింది, చేతికి కట్టుతో. మళ్లీ ఒకరోజు వెళితే జాలీ తలుపు వెనక నిలబడి మాట్లాడింది. తీయలేదు.

"నీ ఇంట్ల చెప్పుకున్నది నీ ఇంట్లనే ఉంటదనుకున్న అక్కా."

"నేను చెప్పలేదు చెల్లె. నా బిడ్డ మీద ఒట్టు. కెమెరా..."

"నువ్వు చెప్తె ఏంది, మీ ఇల్లు చెప్తె ఏంది?" అంది. అరవలేదు. లోపలికి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం మా ఆయన అన్నానికి వచ్చాడు. కంచం ముందు పెట్టి అడిగాను. దాచుకోలేదు. దాచుకోవాల్సిన పని చేశానని ఆయన అనుకోనేలేదు.

"అవును, నేనే చెప్పిన. నీ ఇల్లు జర చూసుకొమ్మన్న. వాడు నా బండి నడిపేటోడు. పెండ్లాం పోతె వాడు తాగి పండుకుంటడు. సీజన్ల నా మాల్ ఎవడు తోలాలె?"

"ఆమె నాతో చెప్పుకున్నది నువ్వెందుకు విన్నవ్?"

"ఫోన్ల వచ్చింది. చెవులు మూసుకోవాల్నా?"

"చెయ్యి విరగ్గొట్టిండు తెలుసా?"

అన్నం కలపడం ఆపాడు. ఆ ఒక్క క్షణం ఆయన ముఖంలో ఏదో కదిలిందని నాకు అనిపించింది. "అంత కొట్టుమని నేను చెప్పిన్నా?" అన్నాడు. పప్పు వేయమన్నాడు.

నేను వేయలేదు. మిషను డబ్బాలోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, టీవీ ముందు స్టూలు వేసుకుని కెమెరా అందేలా ఎక్కాను. మా అమ్మాయి గదిలోంచి వచ్చి చూసింది. ఏమంటుందోనని ఒక్క క్షణం భయపడ్డాను. "అమ్మా, ముందు మెయిన్ ఆపుత ఆగు," అని వెళ్లి ఆపింది. స్క్రూలు గట్టిగా బిగించారు. గోడ రంగు ఊడి నా ముఖం మీద పడింది. ఆయన కింద నుంచి, "దొంగలు పడితే అప్పుడు తెలుస్తది," అని అరిచాడు. ఊడదీసి ఆయన కంచం పక్కన పెట్టాను.

తర్వాత కొన్నాళ్లు కూర్చుని ఒక్కొక్కటీ చూశాం, నేనూ మా అమ్మాయీ. మాట్లాడే పెట్టెను దాని అట్టపెట్టెలోనే పెట్టి అటక మీదికి ఎక్కించాం. బల్బులు తీసి మామూలువి వేశాం. చీకటి పడితే స్విచ్చు దాకా నాలుగడుగులు నడవడానికి నాకేమీ కష్టం లేదు. గేటు కెమెరాను ఉంచాం. కానీ దాన్ని వీధి వైపే కనబడేలా తిప్పించి, మా ఇద్దరి ఫోన్లలోనూ పెట్టించాను. మోటారు డబ్బా ఉంది. దాన్ని కూడా నా ఫోన్లోకి మార్పించేదాకా ఊరుకోలేదు. నీళ్లు పట్టేది నేనైతే, ట్యాంకు నిండిన కబురు కల్లంలో ఉన్న మనిషికి పోవడం ఏమిటి? ఇంతకాలం ఈ మాట నేనెందుకు అడగలేదో నాకే తెలియదు.

మా ఆయన ఇప్పుడు నాతో కూరల గురించి, చుట్టాల గురించి మాత్రమే మాట్లాడతాడు. ఊడదీసిన కెమెరాను తీసుకుపోయి కల్లంలో హమాలీల మీద పెట్టుకున్నాడు. ఆ డ్రైవరు ఇప్పటికీ ఆయన బండే నడుపుతున్నాడు. వాళ్లు గల్లీ ఖాళీ చేసి పెర్కిట్ వైపు వెళ్లారు. ఆమె కమ్మర్‌పల్లికి పోలేదు. మొన్న కూరగాయల బండి దగ్గర కనబడింది, పక్కన కూతురు. నేను చెయ్యి ఎత్తాను. ఆమె చూసింది. చూసి, పిల్ల చెయ్యి పట్టుకుని వేరే బండి వైపు తిరిగింది. వెంటపడి ఏం చెప్పాలి? కెమెరా తీసేశామని చెప్పనా?

కుట్టుకు వచ్చేవాళ్లు మళ్లీ కొందరు వస్తున్నారు. కెమెరా ఊడదీసిన చోట గోడకు మచ్చలు ఉండిపోయాయి. వచ్చినవాళ్లు కూర్చునే ముందు వాటివైపు ఒకసారి చూస్తారు. లేదని చెబితే తలాడిస్తారు. పైట మాత్రం పడకగదిలోకి వెళ్లాకే తీస్తారు.

అంకాపూర్‌లో కొత్త ఇల్లు కడుతున్న మా ఆడబిడ్డ ఈ మధ్య ఫోను చేసింది. షాపువాళ్లు ఏవేవో చెబుతున్నారట, ఏవి పెట్టించుకుంటే పనికొస్తాయని అడిగింది.

"మోటారుది పెట్టించుకో. వంటింట్ల పొగ ఫ్యాను పెట్టించుకో. ఇంటి లోపల కెమెరా వద్దు. ఇంకొకటి, ఏది పెట్టించినా నీ ఫోన్ల కలపమను," అన్నాను.

ఆమె నవ్వింది. "నా ఫోన్ల ఎందుకు వదినా? అయన్నీ మీ అన్న చూసుకుంటడు. హాల్ల కెమెరాకు ఆయన అడ్వాన్సు గూడ ఇచ్చిండు," అంది. ఇంకేదో గ్రానైటు రంగు గురించి అడిగింది. చెప్పాను.