సంచిలో పట్టని ట్రాక్టర్

నేను గీసే ఆటబండ్ల నమూనాలకు చక్రాలు మరీ ఎడంగా ఉంటున్నాయని మా బొమ్మల కంపెనీలో విసుక్కుంటారు. అమ్మే పెట్టెలో పట్టవట.

ఒకసారి బాగేపల్లి నుంచి చింతామణి వెళ్లే బస్సులో, పక్క సీటు పెద్దాయన సంచిలోంచి చెక్క ట్రాక్టర్ తీసి చూపించాడు. మనవరాలి కోసం తనే చేశాడట. చక్రాలు ఇరుసు మీద జరుగుతాయి. దగ్గరికి తోస్తే సంచిలో పట్టేస్తుంది, ఎడంగా లాగితే ఒరిగిపోకుండా నిలబడుతుంది.

"ఎడంగా లాగేది మరిచిపోతే?" అన్నాను నవ్వుతూ. బొమ్మల్లో లోపాలు వెతకడం కూడా నా ఉద్యోగమే.

ఆయన నవ్వలేదు.

"నిజం ట్రాక్టరూ ఇంతే కదప్పా. శెనక్కాయ సాళ్ల నడమ కలుపు తీసేకి చక్రాలు దగ్గరికి బిగిస్తాము. పనైనాక మళ్లా ఎడం చేయల్ల. ఆ పొద్దు నేను చేయకనే మా తమ్మునికి తోలేకిస్తి. గట్టెక్కుతా బోర్లాపడె. వాడు దాని కిందనే పోయినాడు."

నా మొహంమీద నవ్వు ఇంకా పూర్తిగా పోలేదేమోనని కిటికీ వైపు తిరిగాను.

ఆయన ఊరొచ్చింది. బొమ్మను సంచిలో పెట్టబోతూ చక్రాలు దగ్గరికి తోశాడు. ఒక్క క్షణం ఆగి, మళ్లీ ఎడంగా లాగాడు. ఇక అది సంచిలో పట్టలేదు. గుండెకు ఆనించి పట్టుకుని దిగిపోయాడు.