మూత తీసి చూసే ఓనరమ్మ

ముఖర్జీ నగర్‌లో సివిల్స్‌కు చదివే రోజుల్లో, నేను రాజ్మా వండినప్పుడల్లా కుక్కర్ చల్లారగానే మా ఓనరమ్మ అడక్కుండా నా గదిలోకి వచ్చేది. మూత తీసి ఒక గింజ నలిపి చూసి, మాట్లాడకుండా వెళ్లిపోయేది. నేను చాటుగా మాంసం వండుతున్నానని ఆమెకు అనుమానమేమో అనుకునేవాణ్ణి.

ఒకరోజు విసుగొచ్చి గడియ పెట్టుకున్నాను. ఆమె తలుపు తడుతూనే ఉంది. చివరికి తీసి, "మాంసం లేదు ఆంటీ, చూసుకోండి," అన్నాను.

ఆమె గింజ నొక్కింది. అది నలగలేదు.

"కచ్చా హై బేటా, ఇంకా ఉడకలేదు," అంటూ కుక్కర్ మళ్లీ స్టవ్ మీద పెట్టింది. "నీకు ముందున్న అబ్బాయి ఉడకని రాజ్మా తిన్నాడు. వాంతులతో మర్నాడు పరీక్షకు లేవలేకపోయాడు. అదే అతని ఆఖరి అవకాశం."

"సరిగ్గా వండుకోవాల్సింది," అన్నాను.

ఆమె మంట తగ్గించి, నావైపు చూడకుండా అంది.

"వండిపెట్టింది నేనే."