దూది లారీ, తప్పిన వరుస

పోయిన వారం దెగ్లూర్‌ల ఒక పెద్దమనిషి నన్ను "రాండ్రి బావగారూ" అని కావలించుకున్నడు. నేను పోయిందేమో ఆయనకు అల్లుడు కావడానికి. కూసోండ్రి, చాయ్ చెప్పిన, అది అచ్చేలోపల చెప్త. నవ్వాలంటే చివర్ల నవ్వుండ్రి. మధ్యల నవ్వితే నాకు వరుస తప్పుతది, ఇప్పటికే ఒకసారి తప్పింది.

నా కారు సంగతి మీకు తెలుసు. హైదరాబాద్‌ల ఒక పాత నవాబుల దేవిడీ మూలకు పడి ఉంటే, లోపల కోళ్ళు గుడ్లు పెట్టుకుంటుంటే, వాటిని లేపి కొనుక్కొచ్చిన ఇంగ్లీషు కారు. పైన గుడ్డ టప్పు ఉంటది. కావాలంటే ఎత్తుకోవచ్చు, వద్దంటే మడుచుకోవచ్చు. నేనైతే ఎన్నడూ ఎత్తలే. ఎత్తినంక దానికీ టాక్సీకీ ఫరక్ ఏంది? పంపుసెట్లు అమ్ముకునే మనిషికి నాందేడ్‌ల ఇంతకన్న షాన్ ఇంకేముంటది? ఎనక చూసే అద్దం కొన్నప్పటి సంది లేదు. ముందుకు పోయేటోనికి ఎనక ఏం పని అని నేను పెట్టించలే గూడ.

మా అమ్మకు ఆ కారంటే పడది. "ఇంటికి కప్పు ఉండాలె, గాడికి టప్పు ఉండాలె, మనిషికి సిగ్గు ఉండాలె" అంటది. ఎన్నిసార్లు చెప్పినా నేను టప్పు ఎత్తుతలేనని, ఒకనాడు దాన్ని ఊడదీయించి మేడ మీద పరిచి కందులు ఎండబోసింది. నాకు ఇంకా మంచిదాయె, బరువు తగ్గింది అనుకున్న.

ఇగ సంబంధం మాట. మా మేనత్త తెచ్చింది. పిల్ల పేరు సులోచన, తండ్రి గంగన్న పటేల్, దెగ్లూర్‌ల ఇల్లు, చుట్టుపక్కల పత్తి చేండ్లు. పిల్ల ఫోటో చూసిన్నాడే నా పని అయిపోయింది. ఇంతకు ముందు ఎన్ని సంబంధాలకు నేను ముక్కు చిట్లించిన్నో మీరే లెక్క పెట్టుకోండ్రి. ఈసారి మాత్రం ఈ పిల్ల కాదంటే ఇగ పెండ్లే వద్దనుకున్న. అటు నుంచి నా ఫోటో అడిగిన్రు. నేనే పంపనియ్యలే. "ఫోటోల ఏం కనపడతది అత్తా, మనిషిని కారుల చూడాలె" అన్న.

మా నాయిన, అమ్మ సర్కారు ఎస్టీ బస్సుల అస్తమన్నరు. "ఆ గాడి ఎక్కితే నా కొప్పు నా నెత్తి మీద ఉండది" అని అమ్మ మొండికేసింది. రాహుకాలం రాకముందే ఇంట్ల అడుగు పెట్టాలె అని మాత్రం నాకు గట్టిగ చెప్పింది. సరే, నేనూ మా చిన్నాయిన కొడుకు బాలు కారుల ఎల్లినం. బాలు నాకన్న చిన్నోడు, మాట తక్కువ, తిండి ఎక్కువ.

నేను ఎట్ల తయారైన అంటే, కొత్త బెల్ బాటమ్, పూల అంగి, నల్ల గాగుల్స్. గాలికి ఒక్క ఎంటిక లేవొద్దని నెత్తికి మామూలుకన్న రెండింతలు కొబ్బరినూనె, దాని మీద పోమేడ్. మీసాలకు గూడ. కనుబొమ్మలు ఎందుకు బాధపడాలె అని వాటికి గూడ ఇంత రాసిన. బాలు మాత్రం పెద్ద తువ్వాల తీసి నెత్తి, మొఖం, మెడ అంత చుట్టుకున్నడు. రెండు కండ్లే కనపడుతున్నయి.

"ఏందిరా, పసుపు మండీల హమాలీ లెక్క? పెండ్లిచూపులకు పోతున్నం" అన్న.

"దుమ్ము అన్నా," అన్నడు.

"షోకు తెల్వదు నీకు," అన్న.

చలికాలం పొద్దు. గోదావరి వంతెన మీదికి ఎక్కినంక నీళ్ళ మీది గాలి అంగీల దూరి ఈపు దాకా పోయింది. చేతులు స్టీరింగ్‌కు గడ్డకట్టినయి, ముక్కు కారుతున్నది, అయినా ఆ సుఖం ఏం చెప్పాలె. వంతెన దాటినంక జొన్న చేండ్లు, వాటి పచ్చి వాసన, ఎక్కడో బెల్లం కాగుతున్న వాసన. మూసిన కారుల కూసున్నోడికి ఊర్లు కిటికీల నుంచి కనపడతయి. నా కారుల అయితే ఊరే అచ్చి ఒళ్ళె కూసుంటది. పొలాలల్ల పని చేసేటోళ్ళు నడుములెత్తి చూస్తున్నరు. నేను చెయ్యి ఊపుతున్న, ఓట్లకు నిలబడ్డోని లెక్క.

నాయగావ్ దాటినంక ముందట ఒక లారీ తగిలింది. జిన్నింగ్ మిల్లు నుంచి దూది చెత్త ఏసుకొని బోధన్ దిక్కు పరుపులు కుట్టేటోళ్ళకు పోతున్నదట. పైన వల కట్టిండు గాని, ఆ వల చాపలు పట్టే వల. దూది దాని కండ్లల్ల నుంచి హాయిగ ఎగురుతున్నది. రోడ్డు చూస్తే ఒక్క గాడికే సరిపోతది. హారన్ కొట్టిన. మల్ల కొట్టిన. డ్రైవర్ కిటికీల నుంచి తల బయట పెట్టి నన్ను, నా గాగుల్స్‌ను చూసి, "సైడ్ నై మిల్తా నవాబ్ సాబ్, పీచే పీచే ఆవో" అన్నడు. సైడ్ దొరకదట, ఎనకెనకనే రావాల్నట.

బాలు అన్నడు, "అన్నా, జర ఆగుదాం. లారీని పోనిద్దాం."

"రాహుకాలం ఆగుతదారా?" అన్న. నిజం చెప్పాలంటే రాహుకాలం ఒక్కటే కాదు, నవాబ్ సాబ్ అన్నంక ఎనక్కు తగ్గాలంటే మనసు రాలే. దెగ్లూర్ దగ్గర పడేదాక దాని తోక పట్టుకొనే పోయిన. దూది మొఖానికి మెత్తగ తగులుతుంటే మంచు పడే దేశంల పోతున్నట్టే అనిపించింది. మధ్యల బాలు "అన్నా, నీ నెత్తి..." అన్నడు.

"నా నెత్తి గురించి నువ్వు చెప్పాల్నారా?" అని అరచెయ్యితోని ఎంటికలు అదిమి సదురుకున్న. ఆ నూనె మీద అదిమితే ఏమైతదో ఇప్పుడు తెలుస్తున్నది, అప్పుడు తెల్వలే.

దెగ్లూర్ అంచుల బడి పిల్లలు కారు ఎంబడి ఉరికిన్రు. "మ్హాతారా ఆలా, మ్హాతారా ఆలా" అని ఒకటే లొల్లి. ముసలాయన అచ్చిండు అని. కారును అంటున్నరు, పాతదే కదా అనుకొని చెయ్యి ఊపిన. మరాఠీల గాడి ఆడది. గాడిని అనాలంటే 'మ్హాతారీ' అనాలె. మెట్రిక్ దాక మరాఠీ బళ్ళె చదివినోన్ని, ఆ మాత్రం వ్యాకరణం నాకు తట్టలే.

ఇంటి ముందట కారు ఆపి, గాగుల్స్ తీసి జేబుల పెట్టుకున్న. బాలు తువ్వాల విప్పి, దువ్వెన తీసి ఇట్ల అట్ల అనుకున్నడు. తానం చేసి అప్పుడే అచ్చినట్టున్నడు వాడు. గంగన్న పటేల్ ఎదురొచ్చిండు, బాలును ఎగాదిగా చూసి మురిసిండు, నన్ను కావలించుకున్నడు.

"రాండ్రి బావగారూ. ఈ ఈడుల గూడ మీరే నడుపుతున్నరా? శాబాష్."

ఈ బావ వరుస ఎక్కడిది అనుకున్న. మా మేనత్త దిక్కు నుంచి లాగితే ఏదో ఒక చుట్టరికం తగులుతది, చుట్టరికం ఎతికితే మనల ఎవరు ఎవరికి బావ కాదు? పెండ్లి అయినంక వరుస మారుతది తీ అని ఊకున్న. ఈ ఈడుల అంటే, ఇంత చిన్న వయసుల అనుకున్న.

నన్ను పెద్ద కుర్చీల కూసోబెట్టి ఈపుకు మెత్త పెట్టిన్రు. పటేల్ తల్లి, ముసలవ్వ, దగ్గరికి జరిగి అడిగింది.

"బిడ్డా, మోకాళ్ళు ఎట్లున్నయి? గాడిల కూసుంటే పట్టుకుంటయా?"

"లేదవ్వా, గట్టిగున్నయి."

"అదృష్టమంతునివి. నీ ఈడుకు మా ఆయన లేవలేకపోతుండె."

నా ఈడుకే లేవలేకపోయిండంటే ఏం రోగమో పాపం అని జాలిపడ్డ. చాయ్‌ల షక్కర్ ఏసుడుకు ముందు గూడ నన్ను అడిగిన్రు, షుగర్ బీమారీ గిట్ల ఉన్నదా అని. దెగ్లూరోళ్ళ మర్యాదే ఏరు అనుకున్న. బాలును మాత్రం ఎదురుంగ కూసోబెట్టి, ముందట లడ్డూల పళ్ళెం పెట్టిన్రు. వానికి ఇగ లోకం కనపడలే.

పటేల్ గొంతు తగ్గించి, "అబ్బాయి ఎట్లాంటోడు బావగారూ? దాపరికం లేకుంట చెప్పుండ్రి" అన్నడు.

నా గురించి నన్నే అడుగుతున్నడు, ఎంత నమ్మకం అనుకున్న. "నా నోటితోని నేను చెప్పొద్దు గాని, బంగారం" అన్న.

"తాగుడు గిట్ల?"

"చాయ్ తప్ప ముట్టడు." ఆయన మర్యాదగ అడిగితే నేనూ మర్యాదగ దూరం నుంచే జవాబిచ్చిన.

"కోపం?"

"తక్కువ. అచ్చినా మీ బిడ్డ ఒక్క మాటంటే ఇంటడు."

పటేల్ మొఖం వెలిగింది. బాలు దిక్కు చూసి, "మాట్లాడుతలేడు. సిగ్గు ఎక్కువనా?" అన్నడు.

ఇప్పుడు బాలు గురించి అడుగుతున్నడు కదా అని నేను ఖుల్లంఖుల్లా చెప్పిన. "సిగ్గు కాదు పటేలా, నోట్లె లడ్డు ఉన్నది. ఇద్దరి తిండి తింటడు. లెక్క చెప్పమంటే ఏడుస్తడు. ఇప్పటికీ చీకట్ల ఒక్కడే పండుకోవాలంటే భయం."

పటేల్ మొఖంల దీపం ఆరిపోయింది. బంగారం అన్న నోటితోనే ఈ మాటలేంది అని ఆయన బాధ. నాకేమో, ఈయనకు బాలు మీద ఇంత జాలి ఎందుకు అనిపించింది.

ఇంతల సులోచన అచ్చింది. ఫోటో ఏం పనికొస్తది, పిల్లను చూడాలె మీరు. నా గుండె పంపుసెట్టు లెక్క కొట్టుకున్నది. ఆమె బాలును ఒకసారి చూసింది, లడ్డును ఒకసారి చూసింది, నన్ను చూడనే లేదు. సిగ్గుతోని సూటిగ చూడలేకపోతున్నది పాపం అనుకున్న.

"పెద్దోళ్ళ కాళ్ళు మొక్కు బిడ్డా" అన్నడు పటేల్.

ఆమె సీద అచ్చి నా కాళ్ళు మొక్కింది. పెండ్లికి ముందే? కొంచెం తొందర అనిపించింది గాని, దెగ్లూర్ ఆచారం ఏమో. "దీర్ఘసుమంగళీ భవ" అని గట్టిగ దీవించిన. ఎవరి ఆయుష్షు అది, నాదే కదా.

నోరు అంత పెద్దగ తెరిచి దీవిస్తే మీసం కదిలింది. మీసం నుంచి ఒక దూది పింజ ఊడి ఆమె చెయ్యి మీద పడ్డది. ఆమె దాన్ని తీసి రెండు ఏళ్ళ నడుమ నలిపి చూసింది. పత్తి రైతు బిడ్డ, తెల్వదా? అప్పుడు తలెత్తి మొదటిసారి నన్ను చూసింది. నెత్తి, కనుబొమ్మలు, మీసం, అన్నీ చూసింది. పెదవులు బిగబట్టుకొని లోపలికి ఉరికింది. లోపల ఏదో చెంబు కింద పడ్డ చప్పుడు.

అదే టైముకు బస్సు దిగి మా నాయిన, అమ్మ అచ్చిన్రు. అమ్మ కొప్పుల పూలు గూడ చెదరలే. నాయిన "నమస్కారం బావగారూ" అన్నడు. పటేల్ ఆయనను చూసిండు, నన్ను చూసిండు. ఒక్క అల్లునికి ఇద్దరు తండ్రులేంది అని నోరు ఎల్లబెట్టిండు. ముసలవ్వ మాత్రం మా అమ్మ చెయ్యి పట్టుకొని నన్ను అడిగింది.

"ఈమె నీ ఇల్లాలా బిడ్డా? నీకన్న చాన చిన్నగున్నది."

మా అమ్మ నన్ను చూసింది. చాన సేపు చూసింది. "వీడు నా కొడుకు. వీడే పెండ్లికొడుకు. పొద్దుగాల ఇంట్ల నుంచి ఎల్లేటప్పుడు నల్లగనే ఉన్నడు" అన్నది.

సులోచన తాంబూలం పళ్ళెం తెచ్చి నా ముందట పెట్టింది. ఆకులు, వక్కలు, వాటి నడుమ ఒక చిన్న అద్దం. తీసి చూసుకున్న. అద్దంల మా తాత ఉన్నడు. ఆయన పోయి ఏండ్లయితున్నది. తెల్ల నెత్తి, తెల్ల మీసం, దూది కనుబొమ్మలు, మొఖం మీద బూడిద లెక్క దుమ్ము. గాగుల్స్ పెట్టుకున్న జాగల మాత్రం నేనున్న.

అందరికన్న ముందు నవ్వింది ముసలవ్వ. ఆమె నవ్వినంక ఇగ ఎవరూ ఆగలే. బాలు లడ్డు మింగి, "నేను చెప్పిన, అన్న ఇనలే" అన్నడు. బాయి కాడ కుంకుడుకాయ రసంతోని రుద్దిన్రు. సగం పోయింది, సగం పోలే. మచ్చల మేక లెక్క అయిన. ఆ అవతారంతోనే కూసోని తిన్న, ఏం తిన్ననో యాదికి లేదు. మా అమ్మ బస్సు ఎక్కేటప్పుడు, "కందులు ఎండినయి, టప్పు తీసుకో" అన్నది.

అచ్చేటప్పుడు తొవ్వల బాలును అడిగిన. "నిన్ను పెండ్లికొడుకు అనుకుంటున్నరని తెల్వలేదారా?"

"తెలిసింది అన్నా."

"మరి చెప్పొద్దా?"

"పిల్ల బాగున్నది అన్నా," అన్నడు. నా తువ్వాల నేను తెచ్చుకోకపోతే వాని తప్పా?

ఆ తర్వాత దుకాణంల కూసున్న గాని మనసు లేదు. పంపు అడిగినోనికి పైపు చూపిచ్చిన. నేను ఎన్ని సంబంధాలు కాదన్ననో ఆ పిల్లల ఉసురు తగిలింది అనుకున్న. నిజంగనే ఏడుపొచ్చింది, నవ్వకుండ్రి.

నిన్న గంగన్న పటేల్ దుకాణానికి అచ్చిండు. కుర్చీ జరిపిన. ఆయన కూసోని, నీళ్ళు తాగి, గొంతు సవరించుకున్నడు.

"మా బిడ్డ ఒప్పుకున్నది. నేను రెండుసార్లు అడిగిన. ఏమన్నదో తెలుసా? 'నాయినా, అందరు మొగోన్ని వయసుల చూసి చేసుకుంటరు, ముసలోడైనంక ఎట్లుంటడో అని బతుకంత భయపడతరు. నేను అదే ముందు చూసిన. బాగనే ఉన్నడు' అన్నది."

నాకు లేచి డాన్స్ చెయ్యాలనిపించింది. పటేల్ లేచి నిలబడి, "ఇగ ఉంటా మరి, బావగా..." అని నాలిక కరుచుకొని, "అల్లుడుగారూ" అన్నడు. మెట్లు దిగి మల్ల ఎనక్కు అచ్చిండు.

"ఒక్క మాట మరిచిన. వయసుల ఎట్లుంటవో మా బిడ్డ ఇంకా సరిగ చూడలేదట. ఒక ఫోటో ఉంటే ఇయ్యమన్నది."

అందుకే ఇయాల పొద్దుగాల తానం చేసి, నెత్తికి నూనె చుక్క పెట్టుకోకుంట ఫోటో స్టూడియోకు పోయిన. నడుసుకుంటనే పోయిన. వాన లేదు, ఎండ లేదు, అయినా ఛత్రి పట్టుకొని పోయిన.