ఆగి ఆగి కదిలే పేజీ

నా ల్యాప్‌టాప్‌లో పేజీలు ఆగి ఆగి కదులుతాయి. బాగుచేయడం తెలుసు. చేయను.

ఒకసారి నారాయణఖేడ్ బస్టాండులో పక్కన కూర్చున్న, కంగ్టి ఊరికి చెందిన ఒకామె తన ఫోన్ చాపింది. "అన్నా, ఇండ్ల తెరుచుకుంటలేదు. నీ దాంట్ల జర చూడరాదు. మా ఆయన పనికి పోయి మళ్ల రాలే. నుదుటి మీద పాత గాటుంటది."

అది గుర్తు తెలియని శవాల ఫొటోలున్న పోలీసు పేజీ. నా దాంట్లో తెరిచాను. కిందికి జరిపితే ఒక్కో ముఖం సగం వచ్చి ఆగుతోంది, కాసేపటికి మిగతా సగం వస్తోంది. నాకు చిరాకేసింది. అది తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు తంటా. సెట్టింగుల్లో ఆ కార్డును వాడుకునే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపేసి, బ్రౌజర్ మళ్లీ తెరిచాను. ముఖాలు సాఫీగా జారిపోయాయి.

"ఇగ జల్దీ చూస్కోవచ్చమ్మా" అన్నాను గొప్పగా.

ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. "గంత జల్దీ వద్దన్నా. ఇందాక ఆగుకుంట వస్తుంటే, వచ్చేది ఆయన కాదు, కాదు అనుకోనీకి టైం దొరికింది."

సెట్టింగును మళ్లీ పాతలాగే మార్చాను. కొన్ని ముఖాల తర్వాత, పాత గాటున్న ఒక నుదురు వచ్చి ఆగింది.

మిగతా ముఖం రాకముందే ఆమె ల్యాప్‌టాప్ మూత మెల్లగా మూసేసింది.

"కంగ్టి బస్సు ఎప్పుడుందన్నా?" అని అడిగింది.