పెట్టెలో తుమ్మిందెవరు?

మా హెర్మిలో కథ మొదలెడితే చివర చెప్పడు. అదొక్కటే వాడి జబ్బు. హోటల్లో సామాన్లు మోసేవాడికి కథలెందుకని అడక్కండి. నేనూ అడిగి అడిగి నోరు నొప్పెట్టి ఊరుకున్నదాన్నే.

మొరేలియా ఊళ్ళో పెద్ద చర్చి వెనకాల మా హోటలు. మధ్యన రాళ్ళు పరిచిన వాకిలి, చుట్టూ పైన వరండా, ఆ వరండా పొడుగునా గదులు. నేను పైన గదులు తుడిచేదాన్ని. వాడు కింద పెట్టెలు మోసేవాడు. పిండిమిల్లులో మొక్కజొన్న బస్తాలు మోసి మోసి మా దగ్గరికొచ్చాడు. మొదటిరోజు వచ్చినావిడ సూట్‌కేసు బస్తా ఎత్తినట్టు వీపు మీదేసుకుని పరిగెత్తాడు. పాపం ఆవిడ, దొంగ దొంగ అంటూ వెనకే పరిగెత్తింది.

ఆ రోజు వాడు నోరే విప్పలేదు. ఆవిణ్ణి నేరుగా గదికి తెచ్చేశాడు. అప్పటికి నేను మంచం కింద సగం, పైన సగం ఉన్నాను. దుప్పటి ఎక్కడో, దిండు ఎక్కడో. మా పెద్ద పనావిడ నన్ను వరండాలో నిలబెట్టి నాలుగు దులిపి, ఆ పూటకి ఇంటికి పంపేసింది. అది హోటల్ పద్ధతి. మనిషి గుమ్మంలోకొచ్చే సరికి గది సిద్ధంగా లేకపోతే తప్పు తుడిచేదానిది. మనిషి ముందే ఊడిపడితే? అదీ తుడిచేదాని తప్పే.

మర్నాటి నించీ వాడికి కథల జబ్బు పట్టుకుంది. లిఫ్టు ఉంది, ఎక్కడు. "దానికి ఒంట్లో బాగాలేదమ్మగారూ, నడుద్దాం పదండి," అనేవాడు. అలా అని నేరుగా మెట్లెక్కుతాడా? వాకిలంతా తిప్పుతాడు. ఈ నీళ్ళతొట్టిలో ఒక బిషప్పు గారి కళ్ళజోడు పడిందంటాడు. ఈ స్తంభానికి ఒకాయన అత్తగార్ని కట్టేశాడంటాడు. అన్నీ అబద్ధాలే. ఆ స్తంభం మా మేనమామ కట్టాడు, నేనెరగనా?

పోనీ కథ పూర్తిగా చెప్తాడా అంటే అదీ లేదు. అన్నిటికన్నా గొప్పది జనరల్ గారి పెట్టె కథ. ఒక జనరలు పేద్ద ఇనప్పెట్టెతో దిగాట్ట. నలుగురు కలిసి ఎత్తలేకపోయార్ట. మెట్ల మధ్యకి వచ్చేసరికి పెట్టెలోంచి తుమ్ము వినబడిందిట.

"ఆఁ? ఎవరు తుమ్మింది?" అనేవాళ్ళు జనం.

"పదండమ్మగారూ, గది సిద్ధం," అనేవాడు.

అంతే. కత్తిరించినట్టు ఆగిపోయేవాడు. అప్పటిదాకా నత్తలా పాకినవాడు కాస్తా మెట్లు రెండేసి ఎక్కేవాడు.

"ఒరేయ్, నీ నోరేమన్నా కుళాయా? తిప్పితే వస్తుంది, తిప్పితే ఆగుతుంది," అనేదాన్ని.

"తిప్పేవాళ్ళు వేరే ఉన్నారులే చోలె అక్కా," అని నవ్వేవాడు. పిచ్చివాగుడనుకునేదాన్ని.

నాకు మోకాలు పాడయ్యాక పని మందగించింది. వాడి కథలా, ఇంకా పొడుగయ్యాయి. సరిగ్గా అప్పుడే కొత్త మేనేజరు దిగాడు, బర్రగాన్ గారు. నవ్వితే జీతం కోస్తారేమో అన్నట్టుండేవాడు. ఒకరోజు వాణ్ణి పిలిచాడు.

"నువ్వు పెట్టెలు మొయ్యడానికొచ్చావా, పురాణం చెప్పడానికొచ్చావా?"

"పెట్టెలేనండి."

"రేపట్నించి లిఫ్టు. నోరు మూసుకుని లిఫ్టు. ఇంకొక్క కథ నా చెవిన పడిందో, టోపీ బల్ల మీద పెట్టి నీ పిండిమిల్లుకి పో."

ఆ టోపీ అంటే వాడికి ప్రాణం. ఇత్తడి గుండీ ఉండేది దానికి. చర్చికి కూడా పెట్టుకొచ్చి, లోపల తీసి ఒళ్ళో పెట్టుకునేవాడు, పసిపిల్లని పెట్టుకున్నట్టు. మిల్లుకి పోతే ఆ పిండిదుమ్ముకి వాడి ఊపిరితిత్తులు ఊరుకోవు. అదీ నాకు తెలుసు.

మర్నాడే మోంటెర్రే నించి ఔరేలియా అమ్మగారు దిగింది. పంతులమ్మగా చేసి మానేసిన మనిషి. చెప్పిన వేళకన్నా ముందే ఊడిపడింది. నేనింకా పరుపుతో కుస్తీ పడుతున్నాను. గది తుడుస్తున్నంతసేపూ బకెట్టు గుమ్మం బయట కటకటాల దగ్గర పెట్టాలి, అయ్యాక తీసెయ్యాలి, అది మాకు రూలు. నా బకెట్టు బయటే ఉంది. కింద మాటలన్నీ నాకు వినబడుతున్నాయి.

"లిఫ్టు ఇటండి," అన్నాడు బర్రగాను. స్వయంగా పక్కనే నిలబడ్డాడు.

"లిఫ్టెక్కడానికి నేనింత దూరం రాలేదు నాయనా. పోయినేడు ఈ అబ్బాయి తుమ్ము దగ్గర ఆపేశాడు. ఏడాదంతా నిద్ర లేదు. తుమ్మిందెవరో చెప్తేనే కదులుతా."

తొంగి చూశాను. హెర్మిలో మేనేజర్ని చూశాడు. తలెత్తి పైకి చూశాడు. నన్ను కాదు, ఇంకెక్కడో చూశాడు. తర్వాత టోపీ తీసి, గుండీ ఒకసారి తుడిచి, ఆవిడ పెట్టె మీద పెట్టాడు. మొదలెట్టాడు.

అయిపోయాడు వీడు, అనుకున్నాను. పరుపు సర్దుతున్నాను గానీ చెవులు కిందే ఉన్నాయి. జనరలు తాళంచెవి మింగేశాట్ట. వంటావిడ రోకలి తెచ్చిందిట. పెట్టె మళ్ళీ తుమ్మిందిట. మూత కొంచెం లేచిందిట. గది అయింది, బకెట్టు లోపలికి తీశాను.

"లోపల చూస్తే... పదండమ్మగారూ, గది సిద్ధం."

నాకు ఒళ్ళు మండింది. బకెట్టు పట్టుకునే బయటికొచ్చాను, వాణ్ణి నాలుగు తిడదామని. మోకాలు కలుక్కుమంటే బకెట్టు కటకటాల దగ్గర దించాను.

"...లోపల చూస్తే ముందు ఒక చెయ్యి కనబడింది," అన్నాడు కింద.

ఇదేంటీ అనుకుని ఎత్తాను. ఆగింది. దించాను. మొదలైంది. మళ్ళీ ఎత్తాను. "పదండమ్మగారూ."

అప్పుడు వెలిగింది నాకు. ఇన్నేళ్ళూ కుళాయి నా చేతిలోనే ఉంది.

నాకు తిట్లు పడకుండా, గది అయ్యేదాకా జనాన్ని కింద ఆపేవాడన్నమాట. కానీ నాతో ఒక్క ముక్క చెప్పకుండా ఇన్నాళ్ళు దాచినందుకు వాణ్ణి వదలాలా? బకెట్టు అక్కడే దించి, స్టూలేసుకుని కూచున్నాను. చెప్పరా, ఈసారి చివరిదాకా చెప్పు.

వాడికి చెమటలు. ఆ కథకి చివరుంటే కదా! చెయ్యి అన్నాడు, చేతికి గాజు అన్నాడు, గాజు మీద చిలక అన్నాడు. పైకి చూస్తాడు, బకెట్టు ఉంది. చిలక్కి జలుబు అన్నాడు. మళ్ళీ చూస్తాడు, ఉంది. అమ్మగారు పెట్టె మీద కూచుంది, టోపీ ఒళ్ళో పెట్టుకుని. బర్రగాను మాత్రం నిలబడే ఉన్నాడు, నోరు తెరుచుకుని.

"ఇంతకీ తుమ్మింది చిలకా, మనిషా?" అన్నాడు బర్రగాను.

హెర్మిలో పైకి చూసిన చూపు చూడాలి. మునిగేవాడు గట్టుని చూసినట్టు. జాలేసింది. బకెట్టు తీసేశాను.

"పదండమ్మగారూ, గది సిద్ధం."

"ఆగరా. చెప్పి పో," అన్నాడు బర్రగాను.

"నా టోపీ బల్ల మీద పెట్టెయ్యాలి కదండి."

బర్రగాను అమ్మగారి ఒళ్ళోంచి టోపీ తీసుకుని వాడి నెత్తిన తనే పెట్టాడు. "కథ పూర్తిగా చెప్పు. అప్పుడు తీసేస్తా నిన్ను పనిలోంచి."

అలా వాడు జుట్టు నెరిసేదాకా అదే హోటల్లో పనిచేశాడు. బర్రగానే ముందు రిటైరయ్యాడు, పాపం తుమ్మిందెవరో తెలియకుండానే. మధ్యలో వాణ్ణి బల్ల దగ్గర తాళాలిచ్చే ఉద్యోగంలో కూచోమన్నారు. వద్దన్నాడు. "అక్కణ్ణించి పై వరండా కనబడదండి," అన్నాట్ట. పిచ్చోడన్నారు అందరూ.

ఇప్పటికీ ఆదివారం ఆదివారం మా ఇంటికొస్తాడు. నేను మొక్కజొన్న పిండితో కొరుందాలు ఉడకేస్తాను, వాడు కూచుని తింటాడు. తిన్నాక లేచి టోపీ వెతుక్కుంటాడు, ఇంటికి పోదామని.

నేను పోయి బకెట్టు గుమ్మం బయట పెట్టొస్తాను.

"చిలక్కి జలుబెందుకు చేసిందంటే చోలె అక్కా..." అంటూ మళ్ళీ కూచుంటాడు.