మీటర్‌బోర్డులో తీసేసిన బల్బు

గోళీ అంత కూడా ఉండదు ఆ బల్బు. బండి మీటర్‌బోర్డు వెనక చెయ్యి పెట్టి వేలితో కాస్త తిప్పితే ఊడి వస్తుంది. దాని బరువు ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మోసి మోసి అలసిపోయాను. నా పేరు అడగకండి. ప్రొద్దుటూరులో నాకొక షెడ్డు ఉందనీ, బండ్ల కింద పడుకునే ముసలివాణ్ణయ్యాననీ తెలిస్తే చాలు. ఇంట్లోవాళ్లకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను. మీరు నా ముఖం చూడరు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

పార్టీల పేరుతో ఊళ్లు రెండుగా చీలిన రోజులవి. మెకానిక్కులకూ పార్టీ ఉండేది. నేను ఒక పెద్దాయన మనిషిని. జెండా పట్టిందేమీ లేదు, ఆయన బండ్లు నా షెడ్డుకే వచ్చేవి, అంతే. అవతలివాళ్ల బండి నా షెడ్డు ముందే పంక్చరైనా తోసుకుంటూ ఇంకో చోటికి పోయేవాళ్లు. బండి కింద దూరేవాణ్ణి నమ్మడమంటే ప్రాణం అతని చేతికివ్వడమే కదా. ఆ నమ్మకం చూసుకుని నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పెద్దాయన డ్రైవరు ఓబులేసు. గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టాడు. ఆ ఇంట్లో స్టీరింగు పట్టిన మొదటివాడు. నన్ను మామా అని పిలిచేవాడు. పెద్దాయన కొత్త బండి కొన్నప్పుడు దానికి ఏబీఎస్ ఉందనీ, ఎంత గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోవనీ, బండి జారదనీ అతనికి చెప్పింది నేనే. అనుమానపడకుండా ఒకేసారి తొక్కి పట్టు, మిగతాది బండి చూసుకుంటుంది అని నేర్పాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఒక వానాకాలంలో కల్వర్టు దగ్గర గుంతలో పడి ఆ బండి వెనక యాక్సిల్ వంగిపోయింది. కొత్తది రావాలంటే వారం. పెద్దాయనకు మర్నాడే పులివెందుల కోర్టులో వాయిదా. వేరే బండిలో ఆయన పోడు. పాత సామాన్ల అంగడిలో వెతికితే అదే రకం బండిది, కొన్నేళ్ల ముందు మోడల్‌ది, యాక్సిల్ దొరికింది. బోల్టులు సరిపోయాయి. బ్రేకులు సరిపోయాయి. సెన్సరు కూడా దాని గూట్లో చక్కగా కూర్చుంది. మధ్యాహ్నానికల్లా బిగించేశాను.

చూసుకోనిది ఒక్కటే. యాక్సిల్ చివర, చక్రం దగ్గర, పళ్ల రింగు ఒకటి ఉంటుంది. చక్రం తిరిగేటప్పుడు సెన్సరు ఆ పళ్లను లెక్కపెట్టి వేగం ఎంతో చెబుతుంది. ట్రయల్ చూద్దామని జమ్మలమడుగు రోడ్డులో కొంత దూరం పోగానే మీటర్‌బోర్డులో, ఏబీఎస్‌లో తేడా ఉందని చెప్పే పసుపు లైటు వెలిగింది. వెనక్కొచ్చి, చక్రం విప్పి, సుద్దముక్కతో గుర్తు పెట్టి లెక్కించాను. పాత యాక్సిల్ రింగుకు నలభై ఎనిమిది పళ్లు. నేను బిగించినదానికి నలభై నాలుగు. ముందు చక్రాలు ఒక వేగం చెబుతుంటే వెనకవి ఇంకో వేగం చెబుతున్నాయి. ఏది నమ్మాలో తెలియక ఏబీఎస్ పని మానేసింది.

చేయాల్సిన పని నాకు తెలుసు. పాత రింగులు ఊడదీసి, పగలకుండా, నిదానంగా ఈ యాక్సిల్‌కు ఎక్కించాలి. ఇంకో రోజు పడుతుంది. షెడ్డు ముందు బెంచీ మీద పెద్దాయన మనుషులు ముగ్గురు కూర్చుని నన్నే చూస్తున్నారు. రేపటికి కాదు అని చెప్పాలి. అది చెప్పలేకపోతే, బండి నడుస్తుంది కానీ ఏబీఎస్ లేదు, చూసి తొక్కు అని ఓబులేసుకైనా చెప్పాలి. ఆ ఒక్క మాటకు ఏం అడ్డమొచ్చింది? భయమా? భయం ఒక్కటే అయితే నన్ను నేను ఎప్పుడో క్షమించుకునేవాణ్ణేమో. చూసుకోకుండా బిగించానని ఆ ముగ్గురి ముందు ఒప్పుకోవడం నాకు తలకొట్టేసినట్టు అనిపించింది. వాయిదా అయిపోయాక తీరిగ్గా మార్చుకోవచ్చు, ఒక్క రోజే కదా అనుకున్నాను. ఆ పసుపు లైటు బల్బు తీసి జేబులో వేసుకున్నాను.

ఓబులేసు కనిపెట్టాడు. బండి తాళం తిప్పగానే ఆ లైటు ఒకసారి వెలిగి ఆరాలి.

"మామా, ఆ పసుపు లైటు ఏమాయ? రోజూ ఒకతూరి వెలిగి ఆరిపోతాండె."

"వెలగకుంటే బాగుండాదనే లెక్కప్పా. పో."

"బ్రేకుకేం కాదు గదా?"

"నా పని మీద అనుమానమా నీకు?"

"నీ మీద అనుమానమేంది మామా" అని నవ్వి బండి తీసుకుపోయాడు.

మర్నాడు ముద్దనూరు దాటాక వాన పట్టుకుంది. ఒక ఊరి ముందు గొర్రెల మంద రోడ్డుకు అడ్డంగా వచ్చింది. ఓబులేసు నేను నేర్పినట్టే ఒకేసారి తొక్కి పట్టాడు. చక్రాలు బిగుసుకుపోయి, తడి రోడ్డు మీద బండి జారి, చీనీకాయల తోట రాతి గోడకు గుద్దుకుంది. పెద్దాయన తుంటి ఎముక విరిగింది.

ఆ రోజుల్లో మా దగ్గర పొరపాటు అనేదే లేదు. ఏం జరిగినా వెనక ఎవరో ఉండాలి. ఆ మంద ఓబులేసు దూరపు బంధువులది. ఆ ఊరు అవతలి పార్టీది. ఇంకేం కావాలి? డ్రైవరు అమ్ముడుపోయాడు, గొర్రెల్ని ముందే మాట్లాడుకుని అడ్డం తెప్పించాడు అన్నారు. గుద్దుకున్న బండి నా షెడ్డుకే వచ్చింది. ముందు రోజు నాకు తీరిక లేదనుకున్న పని అప్పుడు ఒక రోజంతా కూర్చుని చేశాను. నలభై ఎనిమిది పళ్ల రింగులు ఎక్కించాను. బల్బు మళ్లీ పెట్టాను. ఎవరు చూసినా తప్పు దొరకదు.

తర్వాత నన్ను పెద్దాయన ఇంటికి పిలిపించారు. ఆయన మంచం మీద ఉన్నాడు. ఓబులేసు గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. పెదవి వాచిపోయి ఉంది. బ్రేకులో ఏమన్నా తేడా ఉండెనా అని పెద్దాయన నన్ను అడిగాడు. లేదు అన్నా అని చెప్పాను.

"లైటు వెలగలేదని నేను అడిగితి గదా మామా. చెప్పు మామా" అన్నాడు ఓబులేసు.

"నాకు గుర్తు లేదు" అన్నాను.

బల్బు తీశానంటే, ఎవరు తీయించినారు అని అడుగుతారు. ఎవరూ లేరంటే నమ్మరు. గోడ దగ్గర అతని పక్కన నేను కూడా నిలబడాల్సి వచ్చేది. ఈ మాటలన్నీ నిజమే. అయినా అతను నన్ను చూసిన చూపు ముందు ఒక్కటీ నిలవదు.

ప్రాణం తీయలేదు, అంతవరకు మేలు. కానీ ఆ తర్వాత అతనికి ఎవరూ బండి ఇవ్వలేదు. ఇటువాళ్లు అమ్ముడుపోయినోడన్నారు. అటువాళ్లకు అతణ్ణి తాము కొనలేదని తెలుసు. తెలిసినా, అట్లాంటి పేరున్నోడు మనకెందుకన్నారు. కొన్నేళ్లకు ఎన్నికలు వచ్చాయి. పెద్దాయనే కుంటుకుంటూ పోయి అవతలి పార్టీ కండువా కప్పుకున్నాడు. రెండు వర్గాలూ ఒక పందిట్లో కూర్చుని భోజనం చేశాయి. నేనూ తిన్నాను. పార్టీ మారిన ఆయనను ఎవరూ అమ్ముడుపోయాడు అనలేదు. ఆ పేరు ఓబులేసుకే మిగిలింది.

పోయిన నెలలో ఆగిపోయిన బండి ఒకటి చూడ్డానికి మైలవరం పోయాను. రిజర్వాయరు గట్టు కింద గొర్రెలతో ఓబులేసు కనిపించాడు. జుట్టు నెరిసింది. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను. తాగమని తన నీళ్ల సీసా ఇచ్చాడు.

"మామా, శానా దినాల నుంచి అడగాలనుకుంటాండా. నా కాలు బ్రేకు మీద కాకుండా పక్కన పడిందేమో? బండి బాగుండాదని నువ్వే చెప్పినాక, ఇంక నా కాలిదే తప్పయి ఉంటాది గదా."

పాత సంగతులు ఎందుకులే అప్పా అన్నాను. నీళ్లు తాగి వచ్చేశాను. అప్పుడు కూడా చెప్పలేదు. అతని పని పోగొట్టాను, పేరు పోగొట్టాను, చివరికి తన కాలిని తానే నమ్మకుండా చేశాను. మనిషి ఇంతకన్నా ఏం దిగజారతాడు?

ఆ నలభై నాలుగు పళ్ల రింగు ఇంకా షెడ్డులో మేకుకు వేలాడుతోంది. అదెందుకుందని ఎవరూ అడగరు. ఈ రోజు పొద్దున దాన్ని మళ్లీ లెక్కపెట్టాను. ఇది రాస్తే అతని దాకా చేరదని తెలిసే రాస్తున్నానేమో. అది కూడా నా పిరికితనమే. మన్నించమని ఎవరినీ అడగను. ఒక్కసారి ఉన్నదున్నట్టు చెప్పాలి, అంతే.

ఓబులేసూ, నీ కాలు తప్పు తొక్కలేదు. నేను నేర్పినట్టే తొక్కావు. లైటు వెలగలేదని నువ్వు అడిగావు. నాకు గుర్తుంది.